గావెల్ చేతికొచ్చాక: మోడల్ యూఎన్ కమిటీలో అల్లరిని అదుపు చేయడం

విద్యార్థులు దేశాల ప్రతినిధులుగా (డెలిగేట్లుగా) కూర్చుని ఐక్యరాజ్యసమితి చర్చలను అనుకరించే మోడల్ యూఎన్‌లో, కమిటీని నడిపే ఛైర్‌గా ఎంపికయ్యారని మెయిల్ రాగానే అందరూ అజెండా మీద పడతారు. దక్షిణ చైనా సముద్రం గురించి ఎవరు ఏ ఏడాది ఏమన్నారో కంఠతా పట్టేస్తారు. పట్టండి, తప్పులేదు. అయితే కమిటీ గదిలో పరీక్ష వేరే చోట మొదలవుతుంది. మూడో వరుసలో ఒక డెలిగేట్ అరగంటలో అయిదోసారి తన దేశం పేరున్న ప్లకార్డు ఎత్తి పాయింట్ ఆఫ్ ఆర్డర్ (నియమం తప్పిందన్న అభ్యంతరం) అంటాడు. పక్కనున్న ఇద్దరు బల్ల చరుస్తారు. వెనక నుంచి ఎవరో ఈల వేస్తారు. గదిలో ఉన్న యాభై మందీ ఒక్కసారిగా మీ ముఖం వైపు తిరుగుతారు. అప్పుడేం చేయాలో, అజెండా మీద ముందుగా ఇచ్చే బ్యాక్‌గ్రౌండ్ గైడ్‌లో రాసి ఉండదు.

లా చదివే రోజుల్లో హైదరాబాద్, విజయవాడ, విశాఖ కాలేజీల సమావేశాల్లో ముందు డెలిగేట్‌గా, తర్వాత ఛైర్‌గా కూర్చున్నాను. ఇప్పుడు కోర్టు పనిలో పడ్డా, ఏటా ఏదో ఒక కాలేజీ పిల్లలు పిలుస్తూనే ఉంటారు, కాదనలేక వెళ్తూనే ఉంటాను. కొత్తగా ఆ కుర్చీ ఎక్కేవాళ్లు నన్ను తరచుగా అడిగేది ఒకటే: 'అల్లరి చేసేవాడిని ఎలా ఎదుర్కోవాలి అక్కా?' ఆ ప్రశ్న అడిగినప్పుడే వాళ్ల చూపు ఒక్కడి మీద నిలిచిపోయి ఉంటుంది. మీరు ఇచ్చే రూలింగును (నిర్ణయాన్ని) తూకం వేసేది ఆ ఒక్కడు అనుకోకండి. పొద్దున్నుంచి నోరు తెరవకుండా కూర్చున్న పాతిక మంది ఉంటారే, వాళ్లు తూకం వేస్తారు. ఇక్కడ మాట్లాడితే పరువు పోతుందా, దక్కుతుందా అని వాళ్లు మిమ్మల్ని చూసే తేల్చుకుంటారు. కింద చెప్పేదంతా ఆ పాతిక మందిని దృష్టిలో పెట్టుకుని చెప్పేదే.

ముందు రోజు

నిర్వాహకులను పట్టుకుని కొన్ని విషయాలు ముందే రాయించుకోండి. ఏ నియమావళి వాడుతున్నారు? డెలిగేట్‌ను గది బయటికి పంపే అధికారం మీకుందా, సమావేశం మొత్తానికి పెద్ద అయిన సెక్రటరీ జనరల్ వచ్చి చెప్పాలా? పాల్గొనేవాళ్లలో పద్దెనిమిది నిండనివాళ్లు ఎంతమంది? బాధ్యత చూసే అధ్యాపకులు ఎవరు, వారి ఫోన్ నంబరు ఏమిటి? ఈ చివరిది చాలామంది అడగరు. సాయంత్రం నాలుగింటికి అసలైన సమస్య వస్తే, సూటు వేసుకున్న ఇరవై ఏళ్ల నిర్వాహకుడు మీకన్నా ఎక్కువ కంగారు పడతాడు. అప్పుడు కావలసింది ఆ కాలేజీ ఉద్యోగి.

వైస్ ఛైర్‌తో పని పంచుకోండి. ఒకరు సమయం చూడాలి, ఒకరు డెలిగేట్లు పంపుకునే చిట్లు చూడాలి. నోట్స్ రాసే రాపోర్చర్ ఉంటే ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో గీతలు గీస్తూ ఉండాలి. డయాస్ మీద ముగ్గురూ ఒకే గొడవలో తలదూర్చితే మిగతా గదిని చూసేవారు ఉండరు. అలాగే, ఇచ్చిన రూలింగు గురించి డయాస్ మీద ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకోవద్దు. ఛైర్‌కే నమ్మకం లేదని అందరికీ తెలిసిపోతుంది.

కుర్చీలు దేశాల అక్షరక్రమంలో వేయించండి. ఒకే కాలేజీ నుంచి బస్సులో కలిసి వచ్చిన పదిమంది ఒకే వరుసలో కూర్చున్నారంటే, మధ్యాహ్నానికి మీకు ఒక పార్టీ తయారవుతుంది. తీగ లేని మైకులు రెండే ఇస్తారు. వాటిని డెలిగేట్లు చేతులు మార్చుకోనివ్వకుండా వాలంటీర్ల దగ్గరే ఉంచండి. మైకు ఎవరి చేతిలో ఉంటే గది వాళ్లదే.

ఇంకొకటి, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ప్రారంభోత్సవం పదింటికని కార్డులో ఉంటుంది. ముఖ్య అతిథి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ఆపైన కరస్పాండెంట్ గారి సందేశం. కమిటీ గదిలోకి వచ్చేసరికి పన్నెండు. ఉక్కపోతలో కోటు, టై కట్టుకుని తెల్లవారుజామున బయలుదేరిన పిల్లలు అప్పటికే రెండు గంటలు చప్పట్లు కొట్టి ఉంటారు. ఆ పూట జరిగే అల్లరిలో సగం ఆకలిదే. రోల్ కాల్ అయ్యాక భోజనాన్ని ముందుకు జరిపించండి, కనీసం టీ, బిస్కెట్లు గదిలోకే తెప్పించండి. ఏ హెచ్చరికా చేయలేని పని ఒక బిస్కెట్ ప్యాకెట్ చేస్తుంది.

మొదటి గంట

నియమాలు చెప్పడానికి నాలుగైదు నిమిషాలు చాలు. ఎన్ని హెచ్చరికల తర్వాత ఏమవుతుందో ఆ నిమిషాల్లోనే చెప్పేయండి. ముందుగా చెప్పని శిక్షను మధ్యలో తెచ్చి వేస్తే అది కక్షలా కనిపిస్తుంది.

తర్వాత గదిలో అందరికన్నా బాగా మాట్లాడే డెలిగేట్ కోసం ఎదురుచూడండి. ఎవరో మొదటి ప్రసంగంలోనే తెలిసిపోతుంది. వ్యవధి 90 సెకన్లు అనుకుంటే, ఆ డెలిగేట్ మాట మధ్యలో ఉన్నా సరే, 90 దగ్గర గావెల్ (ఛైర్ చేతిలోని చెక్క సుత్తి) ఒకసారి తట్టి, 'ధన్యవాదాలు, సమయం ముగిసింది' అనండి. నవ్వుతూనే అనండి. ఆ ఒక్క తట్టుతో రోజంతా పడాల్సిన శ్రమలో చాలా భాగం తప్పుతుంది. బాగా మాట్లాడేవాళ్లకే మినహాయింపు లేదని తెలిశాక, తక్కినవాళ్లు మినహాయింపు అడగరు. మొదటి అయిదుగురికీ పది, పదిహేను సెకన్లు ఉదారంగా వదిలేసి, ఆరో వక్తను ఆపారనుకోండి, ఆరో వక్త మీద మీకేదో కోపం ఉందని గది రాసిపెట్టుకుంటుంది.

పాయింట్ ఆఫ్ ఆర్డర్ జబ్బు

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ నియమావళిలో 71వ నియమం దీని గురించే. ప్రతినిధి పాయింట్ ఆఫ్ ఆర్డర్ లేవనెత్తితే అధ్యక్షుడు వెంటనే తేల్చాలి. లేచిన ప్రతినిధి మాత్రం చర్చలో ఉన్న అంశం గురించి మాట్లాడకూడదు. ఈ రెండో ముక్కను చదవకుండానే చాలామంది డెలిగేట్లు వస్తారు, కొందరు ఛైర్లు కూడా.

అసలు సమితిలోనే దీన్ని దుర్వినియోగం చేసిన సందర్భం ఉంది. 1960 అక్టోబరు 12న ఫిలిప్పీన్స్ ప్రతినిధి లొరెంజో సుములాంగ్ మాట్లాడుతూ, తూర్పు ఐరోపా ప్రజల స్వేచ్ఛను సోవియట్ యూనియన్ మింగేసిందన్నారు. సోవియట్ నేత కృశ్చేవ్ పాయింట్ ఆఫ్ ఆర్డర్ అంటూ వేదిక ఎక్కి ఆయనను సామ్రాజ్యవాదుల తొత్తు అని తిట్టిపోశారు. అధ్యక్షస్థానంలో ఉన్న ఐర్లండ్ ప్రతినిధి ఫ్రెడరిక్ బోలండ్ అప్పుడు సుములాంగ్‌ను కూడా హెచ్చరించారు, మరింత గొడవ రేపే వాదనల్లోకి వెళ్లవద్దని. అదే సమావేశంలో తర్వాత రుమేనియా ప్రతినిధి లేచి అధ్యక్షుడి మీదే విరుచుకుపడితే, బోలండ్ గావెల్‌ను ఎంత గట్టిగా కొట్టారంటే అది విరిగిపోయింది. సమావేశాన్ని వాయిదా వేసి ఆయన వెళ్లిపోయారు. విరిగిన గావెల్ ఐస్‌లాండ్ కానుకగా ఇచ్చింది. అందరూ ఆ రోజు కృశ్చేవ్ బూటుతో బల్ల కొట్టారన్న కథే చెప్పుకుంటారు గానీ, ఛైర్‌గా కూర్చునేవాళ్లకు పనికొచ్చేది బోలండ్ కథ. గావెల్ ఎంత గట్టిగా కొట్టినా అరిచేవాడు ఆగడు. ఆయన గొడవను ఆపింది వాయిదాతో.

మన గదిలోకి వద్దాం. ఆ జబ్బుకు మందు ఒకే ప్రశ్న, ప్రతిసారీ అదే ప్రశ్న, అదే గొంతుతో:

'పాయింట్ ఆఫ్ ఆర్డర్. ఇప్పుడు మాట్లాడిన ప్రతినిధి మా దేశం గురించి చెప్పింది పచ్చి అబద్ధం.'

'ఏ నియమానికి భంగం కలిగింది?'

'అంటే... వారు చెప్పిన అంకెలు...'

'అంకెల మీద అభ్యంతరం ఉంటే మీ వంతులో ఖండించండి. మీ దేశాన్ని కించపరిచారనుకుంటే రైట్ ఆఫ్ రిప్లై (జవాబిచ్చే హక్కు) కోరుతూ రాసి పంపండి. దీన్ని తిరస్కరిస్తున్నాం. తర్వాతి వక్త రావచ్చు.'

ఇంతే. వివరణ ఇవ్వడం మొదలుపెడితే వివరణ మీద ఇంకో పాయింట్ వస్తుంది. రెండు మూడుసార్లు ఈ ప్రశ్న వినగానే గదిలో మిగతావాళ్లే ముసిముసిగా నవ్వడం మొదలుపెడతారు. ఆ డెలిగేట్ నాలుగోసారి లేచే ముందు ఆలోచించుకుంటాడు.

మన దేశంలో జరిగే సమావేశాల్లో ఇంకో అలవాటు స్థిరపడింది. ఎదుటివాళ్ల ప్రసంగంలో వాస్తవ దోషం, తర్కదోషం పట్టుకోవడానికి కూడా పాయింట్ ఆఫ్ ఆర్డర్ వాడనిస్తారు. దాని కోసమే కొందరు ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటారు, చర్చ వినరు. నాకు ఇది నచ్చదు. అయినా నిర్వాహకులు ఉంచాలని పట్టుబడితే ఒక షరతు పెట్టండి: దోషం ఏమిటో, ఆధారం ఎక్కడుందో చిట్ మీద రాసి డయాస్‌కు పంపాలి, ప్రసంగం అయ్యాక మీరే తేలుస్తారు. రాయాల్సి వచ్చేసరికి పదిలో ఏడు ఆవిరైపోతాయి.

తన సొంత ఇబ్బంది చెప్పుకునే పర్సనల్ ప్రివిలేజ్ పాయింటుకూ ఇలాంటి చెదలే పడుతుంది. వక్త మాట వినిపించడం లేదన్నప్పుడు మాత్రమే ప్రసంగం మధ్యలో లేవనివ్వండి. ఏసీ చల్లగా ఉందన్న ఫిర్యాదు 90 సెకన్లు ఆగగలదు.

మీ రూలింగు మీదే అప్పీలు చేస్తే? 71వ నియమం ఆ హక్కూ ఇస్తోంది. అప్పీలును వెంటనే ఓటుకు పెట్టాలి. సభలో హాజరై ఓటు వేసేవారిలో ఎక్కువ మంది కాదంటే తప్ప మీ నిర్ణయం నిలుస్తుంది. కొందరు ఛైర్లు దీన్ని అవమానంగా తీసుకుని ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోవద్దు. ఓటింగు పెట్టి, ఫలితం చదివి, తర్వాతి వక్తను పిలవండి. ఓడినా సరే, అదే గొంతు.

నవ్వు

నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద అల్లరి ఇది. దీనికి గావెల్ చప్పుడు కూడా ఉండదు.

మన దగ్గర ఈ సమావేశాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ధైర్యం చేసి పేరు నమోదు చేసుకుని, అప్పు తెచ్చుకున్న కోటు వేసుకుని ఒక అమ్మాయి వస్తుంది. మూడో వాక్యంలో మాట తడబడుతుంది. ఒక క్రియ తప్పుతుంది. రెండో వరుసలో, పేరున్న అంతర్జాతీయ పాఠశాల నుంచి వచ్చిన ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. గట్టిగా కూడా నవ్వరు. ఆ అమ్మాయి కాగితం వైపు చూస్తుంది, గొంతు సన్నబడుతుంది, 'దట్సాల్' అని కూర్చుంటుంది. ఇక ఆ రెండు రోజులూ లేవదు. ఆమెను చూసి ఇంకో నలుగురు లేవరు.

దీన్ని మొదటి నవ్వు దగ్గరే పట్టుకోవాలి. గడియారం ఆపండి. గది నిశ్శబ్దం అయ్యేదాకా ఏమీ అనకండి, నవ్వినవాళ్ల వైపు చూడను కూడా చూడకండి. తర్వాత వక్తతోనే మాట్లాడండి: 'గడియారం ఆపాను. మీకు ఇంకా 40 సెకన్లు ఉన్నాయి. రెండో అంశం చెబుతున్నారు, కొనసాగించండి.' ఆమె ఏం చెబుతోందో మీరు విన్నారని ఆ ఒక్క 'రెండో అంశం' అన్న మాటతో తెలుస్తుంది. నవ్వినవాళ్లకు వైస్ ఛైర్ ఒక చిట్ పంపుతారు: మీ తర్వాతి ప్రసంగం వంతు రద్దయింది, కారణం మీకు తెలుసు. బహిరంగంగా తిడితే ఆ అమ్మాయి నలుగురిలో ఇంకోసారి తలదించుకోవాల్సి వస్తుంది.

తెలుగులోనో హిందీలోనో విసిరే పక్క వ్యాఖ్యలు కూడా ఇలాంటివే. ఛైర్‌కు అర్థం కాదులే అన్న ధీమాతో అంటారు. విన్నవెంటనే ప్రశాంతంగా, 'ఇప్పుడన్న మాటను సభకు ఇంగ్లీషులో చెబుతారా?' అని అడగండి. చెప్పరు. కూర్చుంటారు.

చిట్లు

డెలిగేట్ల మధ్య తిరిగే ప్రతి చిట్ డయాస్ మీదుగానే వెళ్లాలని మొదట్లోనే చెప్పండి, చెప్పినందుకు నిజంగా చదవండి. పొత్తులు, సవరణలు, ఎవరు ఎవరికి ఓటు వేస్తారన్నవి ఎలాగూ ఉంటాయి. మధ్యలో 'మీ ఇన్‌స్టా ఐడీ ఇస్తారా', 'ఆ చీర మీకు బాగుంది' లాంటివి వస్తాయి. మొదటిసారి అయితే పంపినవారికే వెనక్కి పంపి, వెనక మీ సంతకం పెట్టండి. చాలావరకు అక్కడితో ఆగుతుంది.

ఆగకపోయినా, రాసింది అంతకన్నా దిగజారినదైనా, అది ఇక అల్లరి కాదు. చిట్‌ను కవరులో పెట్టి, సమయం రాసి, ఆ అమ్మాయితో విడిగా మాట్లాడి, అధ్యాపకులకు అప్పగించండి. 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2015 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పద్దెనిమిది నిండనివారి విషయమైతే 2012 నాటి పోక్సో చట్టం వర్తించవచ్చు. 'సమావేశం పేరు పోతుంది, ఇక్కడే సర్దుదాం' అని నిర్వాహకులు అంటారు. మీరు సర్దే పని పెట్టుకోవద్దు. అది మీ అధికారం కాదు.

అన్‌మోడరేటెడ్ కాకస్‌లో కుర్చీ దిగండి

అందరూ లేచి గుంపులుగా చేరే ఆ ఇరవై నిమిషాలను ఛైర్లు టీ విరామంగా భావిస్తారు. ఫోన్ చూసుకుంటారు. అసలు దౌర్జన్యం జరిగేది అప్పుడే. ఒకడు ల్యాప్‌టాప్ లాక్కుని తీర్మానం ముసాయిదా తనే టైపు చేస్తాడు. చుట్టూ ఎనిమిది మంది వంగి చూస్తుంటారు. జూనియర్లు చెప్పిన క్లాజులు వాడి పేరు మీదికి ఎక్కుతాయి. మళ్లీ సభ మొదలయ్యాక వాడే అందరికన్నా మర్యాదగా మాట్లాడతాడు, అవార్డూ వాడికే వెళుతుంది.

కిందికి దిగి నడవండి. గుంపు దగ్గర ఆగి, ల్యాప్‌టాప్ ఉన్నవాడిని వదిలేసి, అంచున నిలబడినవారిని అడగండి: 'ఇందులో మీరు రాసిన క్లాజు ఏది?' జవాబు లేకపోతే గుంపుకే వినిపించేలా, ముసాయిదా సమర్పించేటప్పుడు ప్రతి స్పాన్సర్ (ముసాయిదాకు పేరిచ్చిన డెలిగేట్) ఒక క్లాజును వివరించాలని చెప్పండి. ల్యాప్‌టాప్ దానంతట అదే చేతులు మారుతుంది.

లోక్‌సభ కమిటీ అయితే

ఇక్కడ లెక్కే వేరు. ఐక్యరాజ్యసమితి కమిటీలతో పాటు లోక్‌సభ, అఖిలపక్ష సమావేశం లాంటివి పెట్టడం మన దగ్గర మామూలు. వీటికి వచ్చేవాళ్లు టీవీలో చూసిందే చేస్తారు. కాగితాలు చింపి విసరడం, నినాదాలు, వెల్‌లోకి (స్పీకర్ ముందున్న ఖాళీ స్థలంలోకి) దూసుకురావడం. 'పాత్రలో ఉన్నాం కదా మేడం' అన్న సాకు సిద్ధంగా ఉంటుంది.

పూర్తిగా ఆపితే నాటకం చచ్చిపోతుంది, అది నాకూ ఇష్టం లేదు. కాబట్టి నాటకానికి హద్దు గీయండి, నిజంగానే. డయాస్‌కు ఆరడుగుల ముందు నేల మీద కాగితపు టేపు అతికించండి. టేపు దాకా వచ్చి నినాదాలు చేయవచ్చు, ఒక నిమిషం. వాకౌట్ చేయవచ్చు, అయిదు నిమిషాల్లో తిరిగి రాకపోతే గైర్హాజరు వేస్తారు. టేపు దాటితే ఆ పూటంతా బయటే.

పాత్రలో ఉన్నామంటున్నారు కాబట్టి పాత్రకు వర్తించే నియమాలే చదివి వినిపించండి. లోక్‌సభ నియమావళిలో 373 ప్రకారం తీవ్రంగా క్రమం తప్పిన సభ్యుడిని ఆ రోజుకు బయటికి వెళ్లమని స్పీకర్ ఆదేశించవచ్చు. 374 కింద స్పీకర్ పేరు ప్రకటించాక సస్పెన్షన్‌కు సభ తీర్మానం చేయాలి. 374(ఎ) ప్రకారం వెల్‌లోకి వచ్చి, లేదా నినాదాలతో పదేపదే కావాలని సభను అడ్డుకునే సభ్యుడి పేరు స్పీకర్ ప్రకటిస్తే చాలు, వరుసగా అయిదు సమావేశాలకో, సెషన్‌లో మిగిలిన రోజులకో, ఏది తక్కువైతే దానికి సస్పెన్షన్ దానంతటదే అమలవుతుంది. ఈ నియమం 2001 డిసెంబరులో చేరింది. అప్పటి స్పీకర్ అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి. గొంతు పెంచని స్పీకర్ హయాంలోనే ఇంత కఠినమైన నియమం పుట్టిందని పిల్లలకు చెబుతుంటాను. ఇష్టంగా వింటారు, కోనసీమ వాళ్లయితే మరీనూ.

380వ నియమం మీకు చేతికందే మంచి ఆయుధం: అభ్యంతరకరమైన మాటలను రికార్డుల నుంచి తొలగించడం. కమిటీలో నిజానికి రికార్డు అంటూ ఏమీ ఉండదు, రాపోర్చర్ నోట్‌బుక్ తప్ప. అయినా 'ఆ మాటను రికార్డుల నుంచి తొలగిస్తున్నాం' అని నెమ్మదిగా అంటే అన్నవాడికి తగలాల్సిన చోట తగులుతుంది, నాటకం కూడా చెడదు.

ఒక్క విషయంలో పాత్ర సాకు చెల్లదు. పార్టీని, విధానాన్ని, నాయకుడి నిర్ణయాన్ని ఎంతైనా చీల్చిచెండాడవచ్చు. ఎదురుగా కూర్చున్న తోటి విద్యార్థి కులం, మతం, ఊరు, రూపం జోలికి వెళితే హెచ్చరికలు లేవు. నేరుగా బయటికే. నాయకుడు నిజంగానే అలా మాట్లాడాడని వీడియో చూపిస్తారు. చూపించనివ్వండి, బయట నిలబడి.

వరండాలో మాట

మెట్లు మెట్లుగా వెళ్లండి: ముందు చూపు, తర్వాత చిట్, తర్వాత దేశం పేరుతో సభలో హెచ్చరిక, ఆపైన వంతు రద్దు. వీటిలో ఏదీ పని చేయకపోతే విరామం దాకా ఆగి వరండాలో విడిగా మాట్లాడండి. యాభై మంది ముందు మందలిస్తే ఎదురు చెప్పడం తప్ప వాళ్లకు దారి ఉండదు.

విజయవాడలో ఒక సమావేశంలో ఇంటర్ రెండో ఏడాది కుర్రాడు పొద్దుటి నుంచి ప్రతి వక్తకూ అడ్డు తగిలాడు. భోజనాల వేళ వాటర్ ఫిల్టర్ దగ్గర దొరికాడు.

'తిన్నావా?'

'తిన్నానక్కా.' లోపల మేడం, బయట అక్కా. 'నన్ను బయటికి పంపిస్తారా?'

'పంపాలని లేదు. ఇంతగా ఎందుకు అరుస్తున్నావు?'

'మా సీనియర్లు చెప్పారు. గట్టిగా కనిపించకపోతే ఛైర్ గుర్తుపెట్టుకోరని, అవార్డు రాదని.'

'నేను గుర్తుపెట్టుకున్నాను, సందేహం లేదు. అవతలి కూటమి ముసాయిదా చదివావా?'

చదవలేదు. నాలుగో క్లాజులో నిధులు ఎక్కడి నుంచి వస్తాయో లేదని చెప్పి, దాని మీద సవరణ రాసుకురమ్మన్నాను. మధ్యాహ్నమంతా తల వంచుకుని రాసుకున్నాడు. సాయంత్రం ఆ సవరణ మీద జరిగిన చర్చే ఆ రోజుకు మంచి చర్చ.

అందరి దగ్గరా ఇది పని చేస్తుందని చెప్పను. ఇలాంటి పని ఇస్తే తీసుకునేవాడు గుర్తింపు కోసం అరుస్తున్నట్టు. తీసుకోకుండా, 'మీరు ఫలానా కాలేజీ వాళ్లకే వంతులిస్తున్నారు' అని వాదనకు దిగేవాడు వేరే రకం. అతనికి రాపోర్చర్ గీతలు చూపించండి. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో కాగితం మీద కనిపిస్తుంటే వాదనకు కాళ్లు ఉండవు. ఆ ఆరోపణ నిజమని గీతలే చెబితే, విరామం తర్వాత వంతులు సరిచేయండి.

మీకు తెలిసిన డెలిగేట్లు, గతంలో ఛైర్లుగా చేసిన సీనియర్లు మరో తలనొప్పి. డయాస్ దగ్గరికి వచ్చి చనువుగా సలహాలిస్తారు. టీ సమయంలో కబుర్లు చెప్పుకోండి. కమిటీలో అందరితో పాటే ప్లకార్డు ఎత్తమనండి.

గది మొత్తం చేజారితే

ఒక్కోసారి కారకులు ఇద్దరూ ముగ్గురూ ఉండరు, గదే మరిగిపోతుంది. బిర్యానీ భోజనం తర్వాత రెండున్నరకి, రెండో రోజు ఓటింగుకు ముందు ఇది తప్పదు. పాలు పొంగేముందే మంట తగ్గించాలి. గుసగుసల స్థాయి వక్త గొంతును దాటిందంటే ఆ చర్చకు కాలం చెల్లినట్టే. ఛైర్ ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడించే మోడరేటెడ్ కాకస్‌లో ప్రసంగం వ్యవధిని 45 సెకన్లకు కుదించండి, ఇప్పటిదాకా మాట్లాడనివారికే మొదటి అవకాశం అని ప్రకటించండి. వేగం పెరిగితే గొడవకు తీరిక ఉండదు.

అప్పటికే పొంగిపోతే అరవకండి. గావెల్ మూడుసార్లు, అంతకుమించి ఒక్కటి కూడా వద్దు. 'సమావేశాన్ని పది నిమిషాలు వాయిదా వేస్తున్నాం' అని చెప్పి లేచి నిలబడండి. లోక్‌సభలో తీవ్ర గందరగోళం తలెత్తితే స్పీకర్‌కు ఈ అధికారాన్ని 375వ నియమం ఇస్తోంది. బోలండ్ చేసిందీ ఇదే. ఆ పది నిమిషాల్లో తలుపులు తీయించి, వైస్ ఛైర్‌తో కలిసి తర్వాతి అరగంట ప్రణాళిక కాగితం మీద పెట్టుకోండి. తిరిగి రాగానే జరిగినదాని మీద ఉపన్యాసం ఇవ్వకుండా తర్వాతి వక్త పేరు పిలవండి.

మార్కులు, నివేదిక

ఇంత అల్లరి ఎందుకు జరుగుతోందంటే అది గెలుస్తోంది కాబట్టి. బెస్ట్ డెలిగేట్‌కు నగదు బహుమతి పెట్టి, దాన్ని ఎక్కువసార్లు ప్లకార్డు ఎత్తినవాడికి ఇస్తే, వచ్చే ఏడాది ఆ కాలేజీ నుంచి అలాంటివాళ్లే పదిమంది వస్తారు. మార్కుల పట్టికలో ప్రసంగానికి ఎంతో, ఇతరులతో కలిసి రాసినదానికి, ఎదుటివాళ్ల మాట విని జవాబిచ్చినదానికి ఎంతో మొదటి రోజే చదివి వినిపించండి. అడ్డు తగిలిన ప్రతిసారీ పట్టికలో సమయంతో సహా గుర్తు పెట్టండి. అవార్డుల సమావేశంలో 'వాడు చాలా చురుగ్గా ఉన్నాడు కదా' అని నిర్వాహకుల సెక్రటేరియట్‌లో ఎవరో అంటారు. అప్పుడు జ్ఞాపకం పనికిరాదు, పట్టిక కావాలి.

అవార్డులు ప్రకటించక ముందే ఒక పేజీ నివేదిక రాసేయండి. ప్రకటించాక రాస్తే ఫలితానికి సమర్థనలా చదువుకుంటారు. ఎవరిని ఎన్నింటికి ఎందుకు బయటికి పంపారు, ఏ వంతులు రద్దు చేశారు, ఏ చిట్లు అధ్యాపకులకు అప్పగించారు, ఇంతే ఉండాలి. విశేషణాలు వద్దు. రెండు ప్రతులు తీసి, ఒకటి సెక్రటరీ జనరల్‌కు ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి. నాలుగు రోజుల తర్వాత ఎవరి తండ్రో ఫోన్ చేస్తారు.